పైపు బయటి నుంచి జారే నీటి పొర: ఒక్కో పైపు మీద ఒక్కోలా ఎందుకు?

కాలువగట్టు_పాలకొల్లు
నమస్కారం అండి. ఫిజిక్స్ తెలిసినవాళ్లూ, పైపుల పని తెలిసినవాళ్లూ కలిసి చెప్పాల్సిన సంగతి ఇది.

మా డాబా మీద ట్యాంకు పొర్లినప్పుడల్లా నీళ్లు గాలిలోకి దూకవు. పక్కనే నిలువుగా దిగే రెండు 110 ఎంఎం పీవీసీ పైపుల్ని పట్టుకుని, బయటి నుంచే నేల దాకా జారతాయి. ఒక పైపు పాతది, దుమ్మూ నాచూ పట్టి ఉంది. దాని మీద నీరు చుట్టూ ఒకే పలచటి పొరగా దిగుతుంది. రెండోది ఈ మధ్యే వేయించాం, దాని మీద మూడు నాలుగు పాయలుగా చీలి, మధ్యలో పొడిచోట్లు వదిలేస్తుంది. పాత పైపు మీద కూడా పైన కొంతమేర పొర నున్నగా ఉంటుంది, కిందికొచ్చేసరికి అలలు మొదలవుతాయి. వాల్వుకి కట్టిన సన్నటి నైలాన్ తాడు మీదైతే అసలు పొరే ఉండదు, పూసల్లా ఒకదాని వెనక ఒకటి దిగుతాయి.

నీళ్లు అవే, ట్యాంకు అదే. మూడుచోట్ల మూడు రకాలు ఎందుకు? ఇంకో బాధ కూడా ఉంది. క్లాంపు దగ్గర ఆ నీరు గోడలోకి వెళ్లి లోపల గదిలో చెమ్మ కొడుతోంది.

మేస్త్రీ_అమలాపురం
చెమ్మ సంగతి నేను చెబుతాను, ముందు ఒక ఫోటో పెట్టండి. ట్యాంకుకి ఫ్లోట్ వాల్వు మార్పించడం మాత్రం ఈరోజే చేయండి.

ఫ్లూయిడ్స్_మాస్టారు
చాలా మంచి ప్రశ్న అండి. నేను కాకినాడలో ఏళ్ల తరబడి ఫ్లూయిడ్ మెకానిక్స్ చెప్పాను. ఇంత శ్రద్ధగా చూసి అడిగినవాళ్లు తక్కువ. కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు నున్నగా ఉన్న పొర. దాన్ని కిందికి లాగేది దాని బరువు, పట్టి ఆపేది నీటి జిగట. పైపుని తాకుతున్న నీరు కదలదు. గాలి వైపుకి వచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది, పైముఖం దగ్గర అన్నిటికంటే ఎక్కువ. బరువూ జిగటా సరితూగిన దగ్గర పొర మందం స్థిరపడుతుంది. ఈ లెక్క కట్టింది విల్‌హెల్మ్ నస్సెల్ట్ అనే జర్మన్ ఇంజినీరు, 1916లో. ఆయన ఆలోచించింది చల్లటి గోడ మీద ఆవిరి నీరుగా మారి జారడం గురించి. కానీ పొర లెక్క మీ పైపుకీ సరిపోతుంది.

ఆ లెక్కలో నాకు బాగా నచ్చేది ఘనమూలం. నీటి ప్రవాహం 8 రెట్లు పెంచితే పొర మందం 2 రెట్లే అవుతుంది. ఎందుకంటే పొర కాస్త మందమైతే చాలు, అందులో పట్టే నీరూ పెరుగుతుంది, వేగం అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. సగటు వేగం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది. పైముఖం వేగం సగటుకి ఒకటిన్నర రెట్లు.

పైపు గుండ్రంగా ఉంది కదా, గోడ లెక్క ఎలా సరిపోతుందని అడుగుతారేమో. పొర మందం మిల్లీమీటరులో ఏ పావు వంతో, పైపు వ్యాసార్థం 55 మిల్లీమీటర్లు. ఆ పొరకి ఆ వంపు తెలియదు. తాడు దగ్గర కథ మారిపోతుంది, అది తర్వాత చెబుతాను.

బీటెక్_మూడో_ఏడు
మాస్టారూ, లెక్క నేను చేస్తాను. కాలువగట్టు గారూ, పాత పైపు కింద బకెట్ పెట్టి నిమిషానికి ఎన్ని లీటర్లు పడుతున్నాయో చెప్పగలరా?

కాలువగట్టు_పాలకొల్లు
చూశాను బాబూ. మోటారు ఆపబోయే ముందు సన్నగా పొర్లుతున్నప్పుడు నిమిషానికి ఇంచుమించు లీటరు.

బీటెక్_మూడో_ఏడు
అయితే ఇదీ లెక్క. పైపు చుట్టుకొలత 345 మి.మీ. మన ఎండకి నీళ్లు 30 డిగ్రీలు అనుకుంటే పొర మందం 0.23 మి.మీ. వస్తుంది. సగటు వేగం సెకనుకి 21 సెం.మీ., పైముఖం వేగం 32 సెం.మీ. 3 మీటర్ల పైపు దిగడానికి 14 సెకన్లు. అంటే ఏ క్షణంలో చూసినా ఆ పైపు ఒంటి మీద ఉన్న నీరు మొత్తం పావు లీటరే.

నిమిషానికి 4 లీటర్లు వదిలినా మందం 0.36 మి.మీ. దాటదు. ఇది చూసి నేనే ఆశ్చర్యపోయాను.

ఫ్లూయిడ్స్_మాస్టారు
లెక్క సరిగ్గా ఉంది నాయనా. దానికి ఒక హద్దు కూడా రాసి పెట్టుకో. ప్రవాహం నున్నగా ఉంటుందో సుడులు తిరుగుతుందో చెప్పే అంకెని రేనాల్డ్స్ సంఖ్య అంటాం. పొరల విషయంలో దాన్ని చుట్టుకొలతలో మీటరుకి దిగే ప్రవాహాన్ని 4తో గుణించి, జిగటతో భాగించి తీస్తాం. నీ లెక్కలో అది 240 దగ్గర ఉంది. 30 దాటితే అలలు స్పష్టంగా కనబడతాయి, 1600 నుంచి 1800 మధ్య పొర లోపల సుడులు మొదలవుతాయి. ఈ పైపు మీద నిమిషానికి 8 లీటర్లు వదిలితే ఆ గీత దాటేస్తావు. అక్కడ నుంచి ఘనమూలం లెక్క నమ్మకూడదు.

తణుకు_కెమికల్
మాస్టారు గారికి నమస్కారం. పాయల సంగతి నేను అందుకుంటాను, ఫ్యాక్టరీలో నాకు రోజూ ఇదే పని.

కొత్త పీవీసీని నీరు సరిగ్గా తడపదు. దాని మీద నీటిబొట్టు పెడితే పరుచుకోకుండా ఎత్తుగా కూర్చుంటుంది, అంచు కోణం 80 డిగ్రీల పైచిలుకు ఉంటుంది. అలాంటి ముఖం మీద పలచటి పొర ఉండాలంటే ప్రవాహం ఒక కనీస స్థాయి దాటాలి. దాటకపోతే తలతన్యత ఆ నీటిని దగ్గరికి లాగి పాయలు చేస్తుంది. పాత పైపు మీద దుమ్మూ నాచూ ఉన్నాయి కాబట్టి నీరు వాటి సందుల్లోకి పీల్చుకుపోయి ముందే తడి చేసి పెడుతుంది. ఆ తడి మీద పొర హాయిగా నిలబడుతుంది. తుప్పు పట్టిన ఇనుమూ, సిమెంటు గోడా కూడా అంతే.

కొత్త పైపు మీద ఒక చిన్న పరీక్ష చేయండి. మగ్గుతో ఒక్కసారి ఎక్కువ నీరు పోసి చుట్టూ తడపండి, తర్వాత మామూలు ప్రవాహానికి రండి. ఇంతకు ముందు పాయలుగా చీలిన అదే ప్రవాహం ఇప్పుడు కాసేపు పొరగా నిలుస్తుంది. పొర చీలడానికి ఒక హద్దు, చీలిన పొర మళ్లీ అతుక్కోవడానికి ఇంకో హద్దు. రెండోది ఎప్పుడూ ఎక్కువే. మా ఎవాపరేటర్లు, అంటే చెరకు రసాన్ని మరిగించి చిక్కబరిచే యంత్రాలు, స్టార్ట్ చేసేటప్పుడు ముందు ఎక్కువ ద్రవంతో గొట్టాలన్నీ తడిపి, తర్వాత తగ్గించేది ఇందుకే. ఒక్క గొట్టంలో పొడిచోటు మిగిలినా చెరకు రసం అక్కడ అంటుకుని మాడుతుంది.

బీటెక్_మూడో_ఏడు
మేడమ్ చెప్పింది మా హాస్టల్ వెనక పైపు మీద చేసి చూశాను. నిజమే, పొర నిలబడింది! దాంతో ఇంకోటి కూడా చూశాను. పొర మీద చిటికెడు పసుపు చల్లాను. పసుపు రేణువులు నెమ్మదిగా దిగుతున్నాయి, అలలు వాటిని దాటుకుని కిందికి వెళ్లిపోతున్నాయి. అల వచ్చినప్పుడు రేణువు ఒక్క క్షణం ముందుకు జరుగుతుంది, అల దాటిపోగానే వెనకబడుతుంది. అల కూడా నీరే కదా, నీటి కంటే వేగంగా ఎలా పోతుంది?

ఫ్లూయిడ్స్_మాస్టారు
శభాష్. దీనికి జవాబు పైన రాసిన లెక్కలోనే దాగి ఉంది. మందం ఎక్కువున్న చోట ప్రవాహం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఒక ఉబ్బు ఏర్పడిందనుకో. దాని ముందు పక్కకి పై నుంచి ఎక్కువ నీరు వచ్చి చేరుతుంటుంది, వెనక పక్క ఖాళీ అవుతుంటుంది. నీరు మారుతూనే ఉంటుంది, ఉబ్బు అనే ఆకారం మాత్రం ముందుకు పోతుంది. చిన్న, పొడవాటి అలలకి లెక్క కడితే వాటి వేగం సగటు నీటి వేగానికి సరిగ్గా 3 రెట్లు, పైముఖం వేగానికి 2 రెట్లు. మన పాలకొల్లు పైపు మీద సెకనుకి 63 సెం.మీ. అన్నమాట. పెద్ద అలలకి ఈ 3 అనే అంకె అలాగే నిలవదు.

అలలు ఎందుకు పుడతాయన్నది ఇంకో మెట్టు. ఉబ్బు దగ్గర నీరు వేగం అందుకోవడానికి కాస్త ఆలస్యం అవుతుంది, దాని జడత్వం వల్ల. ఆ ఆలస్యమే ఉబ్బుని ఇంకా పెంచుతుంది. బెంజమిన్ అనే శాస్త్రవేత్త 1957లోనూ, యీ అనే ఇంకో శాస్త్రవేత్త 1963లోనూ ఈ గణితం తేల్చారు. ఏటవాలు పలక మీద ఒక స్థాయి దాటితేనే అలలు పెరుగుతాయి, సరిగ్గా నిలువు గోడ మీద ఆ స్థాయి సున్నా. అంటే నిలువు పైపు మీద పొర ఎంత నెమ్మదిగా దిగినా సిద్ధాంతం ప్రకారం అలలు రావాల్సిందే. పైన నున్నగా కనబడేది అవి ఇంకా పెరిగేంత దూరం దిగలేదు కాబట్టి.

వీటిని మొదట శ్రద్ధగా కొలిచినవాళ్లు రష్యా భౌతిక శాస్త్రవేత్త ప్యోత్ర్ కపిత్సా, ఆయన కొడుకు సెర్గేయ్. 1946లో సోవియట్ ప్రభుత్వానికి దూరమై పదవి పోగొట్టుకున్న కపిత్సా, మాస్కో బయట తన ఇంట్లోనే చిన్న ప్రయోగశాల పెట్టుకున్నారు. నిలువు గాజు గొట్టం బయటి నుంచి నీరూ ఆల్కహాలూ జారవిడిచి, అలల నీడల్ని ఫోటోలు తీశారు. 1948, 49ల్లో ఆ పేపర్లు వచ్చాయి. ఆయనకి 1978లో వచ్చిన నోబెల్ వేరే పనికి, అతి శీతల భౌతిక శాస్త్రానికి. నాకు మాత్రం ఆ ఇంటి ప్రయోగశాల అంటేనే ఎక్కువ గౌరవం. హాస్టల్ వెనక పైపు దగ్గర నువ్వు చేసిందీ అదే పని.

రాజోలు_కొబ్బరితోట
ఈ చర్చ చదువుతుంటే మా తోట గుర్తొచ్చింది. వాన మొదలైన వెంటనే కొబ్బరి మాను మీద నీరు దిగదు. ముందు మాను తడవాలి. మట్టలన్నీ నీటిని మొవ్వు వైపుకి తెస్తాయి, మాను పీల్చుకున్నంత పీల్చుకున్నాక అప్పుడు జారడం మొదలవుతుంది. నిటారుగా ఉన్న చెట్టుకి చుట్టూ తడి, నీరు పాదులో సమంగా దిగుతుంది. కాస్త వాలిన చెట్టుకి నీరంతా వాలు కింది వైపుకి చేరి ఒకే ధారగా పోతుంది. పై వైపు త్వరగా ఆరిపోతుంది, కింది వైపు పాచి పడుతుంది. పైపుకీ ఇంతేనా మాస్టారూ?

ఫ్లూయిడ్స్_మాస్టారు
ఇంతే అండి. పైపు కొద్దిగా వాలితే చాలు, బరువు పొరని చుట్టూ తిప్పి అడుగు వైపుకి తోస్తుంది, అక్కడ ధార కడుతుంది. పొర చుట్టూ సమంగా ఉండాలంటే నిలువు చాలా కచ్చితంగా ఉండాలి.

మేస్త్రీ_అమలాపురం
ఫోటో చూశాను. మీ కొత్త పైపు గోడ వైపుకే వాలి ఉంది, అందుకే ధారంతా క్లాంపు మీదకి వస్తోంది. కొబ్బరితోట గారి మాటతో నాకూ ఒక ఉపాయం తట్టింది. ఎలుకలు ఎక్కకుండా కొబ్బరి మానుకి రేకు కడతాం కదా, అలాంటిదే చిన్నది పైపుకి కట్టండి. క్లాంపుకి జానెడు పైన, పలచటి రేకుతో గరాటు ఆకారంలో, నోరు కిందికి ఉండేలా. పైపుని పట్టుకున్న పై అంచు దగ్గర సీలెంటు పూర్తిగా పూయాలి, లేకపోతే పొర ఆ సందులోంచి దిగిపోతుంది.

ముఖ్యమైంది కింది అంచు. అది పదునుగా ఉండాలి. రేకు అంచుని గుండ్రంగా మడిస్తే నీరు ఆ మడతని పట్టుకుని లోపలికి తిరిగి మళ్లీ పైపు మీదకే వస్తుంది. సన్‌షేడ్ అంచు కింద మేము చిన్న గాడి వదిలేదీ ఇందుకే, నీరు గోడ దాకా పాకకుండా అక్కడే తెగి పడాలని. అంచు పైపుకి కనీసం రెండు అంగుళాల దూరం ఉంచండి.

కాలువగట్టు_పాలకొల్లు
కట్టించాను మేస్త్రీ గారూ. క్లాంపు పొడిగా ఉంది. చాలా థ్యాంక్స్ అండి. మాస్టారూ, తాడు సంగతి బాకీ ఉంది.

ఫ్లూయిడ్స్_మాస్టారు
మర్చిపోలేదు. నీటికి ఒక సహజమైన కొలత ఉంది, 2.7 మి.మీ. దాని కంటే చిన్న ఆకారాల్లో తలతన్యతది పైచేయి, పెద్ద ఆకారాల్లో బరువుది. మీ తాడు వ్యాసార్థం 1 మి.మీ. ఉంటుందనుకుంటాను, ఆ కొలతలో సగం కూడా లేదు. అంత సన్నటి దాని చుట్టూ ఉన్న నీటి తొడుగు తన ముఖ వైశాల్యం తగ్గించుకోవాలని చూస్తుంది. చుట్టుకొలత కంటే పొడవైన ఏ ఉబ్బైనా పెరిగిపోతుంది. ఇది బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో గమనించాడు (గ్రీకు తత్వవేత్త కాదు), ఇంగ్లండు శాస్త్రవేత్త రేలీ 19వ శతాబ్దం చివర్లో లెక్క కట్టాడు. కుళాయి ధార కింద బొట్లుగా తెగేది కూడా దీనివల్లే.

కానీ దిగుతున్న పొరలో ఒక పోటీ ఉంది. ఉబ్బు పెరగాలని చూస్తుంటే, ప్రవాహం దాన్ని సాగదీసి ముందుకు లాక్కుపోతుంది. పొర బాగా పలచగా ఉంటే ప్రవాహమే గెలిచి పూసలు రావు. ఫ్రాన్సులో క్వేరే 1990లో సన్నటి తీగల మీద ఇది చూపించాడు. ఆ హద్దు మందం తీగ వ్యాసార్థం ఘనాన్ని బట్టి ఉంటుంది, ఆ ఘనాన్ని 2.7 వర్గంతో భాగిస్తే సుమారు అంకె వస్తుంది. మీ తాడుకి అది 0.14 మి.మీ. దగ్గర. ట్యాంకు నీరు పడుతుంటే పొర అంతకంటే చాలా మందం, అందుకే పూసలు. వ్యాసార్థం ఘనం కాబట్టి తాడు కాస్త లావైనా హద్దు గబగబా పెరుగుతుంది. 110 ఎంఎం పైపు దాకా వచ్చేసరికి పూసల ప్రశ్నే లేదు.

చెరువుగట్టు_కాళ్ల
నాదొక ప్రశ్న. ఇంత పలచటి పొర గాలిలో దిగుతోందంటే ఆక్సిజన్ బాగా కలవాలి కదా. రొయ్యల చెరువు గట్టున పైపులు నిలబెట్టి నీళ్లు జారవిడిస్తే ఏరేటర్ల కరెంటు బిల్లు తగ్గదా? తెల్లవారుజామున డీవో (నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్) పడిపోతుందంటే మాకుండే టెన్షన్ మీకు తెలుసు.

తణుకు_కెమికల్
ఆలోచన మంచిదే, లెక్క మాత్రం ఒప్పుకోదండి. కదలని నీటిలో ఆక్సిజన్ 0.23 మి.మీ. లోపలికి పాకడానికి ఇంచుమించు 26 సెకన్లు. మన పొర 3 మీటర్లు దిగేది 14 సెకన్లలో. అలలు పొరని కలియబెడతాయి కాబట్టి నిజంగా ఇంకా బాగానే కలుస్తుంది, అక్కడ ఇబ్బంది లేదు. ఇబ్బందంతా పరిమాణంలో. ఎకరం చెరువు 1.2 మీటర్ల లోతుంటే 48 లక్షల లీటర్ల పైన నీరు. వెయ్యి పైపులు పెట్టి ఒక్కోదానిలో నిమిషానికి లీటరు వదిలినా చెరువు నీరు ఒక్కసారి తిరగడానికి మూడు రోజులు దాటుతుంది. అందులోనూ 30 డిగ్రీల దగ్గర లీటరు మంచినీరు పట్టుకోగలిగే ఆక్సిజన్ ఏడున్నర మిల్లీగ్రాములే, ఉప్పునీరు ఇంకా తక్కువ. ఏరేటర్లు తీయకండి.

ఇనుము ఉన్న బోరు నీళ్లకైతే పొర పనికొస్తుంది. గాలి తగిలితే కరిగి ఉన్న ఇనుము ఎర్రటి మడ్డిగా విడిపోతుంది. బోరు నీరు జారిన పైపుల మీద పడే ఎర్ర చార అదే. చిన్న ట్యాంకు నీళ్లకి ఇది సరిపోతుంది, చెరువుకి కాదు.

చెరువుగట్టు_కాళ్ల
స్పష్టంగా చెప్పారు మేడమ్. ఏరేటర్లు తీయను.

ఐస్‌ఫ్యాక్టరీ_నరసాపురం
నేను ఇన్నాళ్లూ చదువుతూనే ఉన్నాను, ఇప్పుడు నా అవసరం అడుగుతాను. మాది పాతకాలపు అమ్మోనియా ప్లాంటు. నిలువు కండెన్సరు, పైన తెరిచి ఉంటుంది. నీరు గొట్టాల లోపలి గోడల మీద పొరగా దిగి కింది తొట్టిలో పడుతుంది. అమ్మోనియా ఆవిరి గొట్టాల బయట చల్లబడి ద్రవమై, అదీ పొరగానే దిగుతుంది. వేట ముమ్మరంగా ఉన్నప్పుడు హెడ్ ప్రెషర్, అంటే కండెన్సరులో అమ్మోనియా ఒత్తిడి, పెరిగిపోతోంది. ఇంకో పంపు పెట్టి నీళ్లు పెంచమంటున్నారు. పెంచితే ఫలితం ఉంటుందా?

ఫ్లూయిడ్స్_మాస్టారు
ఇది అచ్చంగా నస్సెల్ట్ లెక్క అండి. గొట్టం బయట అమ్మోనియా పొర పైన దాదాపు సున్నా నుంచి మొదలై కిందికి వచ్చేకొద్దీ మందం అవుతుంది, కానీ నాలుగో మూలం ప్రకారం, చాలా నెమ్మదిగా. 4 మీటర్ల గొట్టం అడుగున, పొరకి అటూ ఇటూ 2 డిగ్రీల తేడా ఉంటే, మందం 0.15 మి.మీ. లోపే. వేడికి ఆ పొర పెట్టే అడ్డు తక్కువే.

అడ్డు వేరేచోట ఉంటుంది. మన తీరప్రాంతపు నీళ్లకి గొట్టం లోపల గట్టిపడే సున్నం ఒక మిల్లీమీటరు చేరితే, అది ఒక్కటే అమ్మోనియా పొర మొత్తం పెట్టేంత అడ్డు, ఇంకా ఎక్కువ కూడా పెడుతుంది. కంప్రెసరు నుంచి వచ్చే ఆయిల్ గొట్టం బయట 0.05 మి.మీ. అంటుకున్నా అంతే. గాలి చేరి ఉంటే ఆవిరి ఆ గాలిలోంచి దారి చేసుకుని పొర దాకా రావాలి, ప్రెషర్ అక్కడే పెరుగుతుంది. పంపు కొనే ముందు ఈ మూడూ చూడండి. ఘనమూలం లెక్క నిలిచే హద్దులో ఉన్నంత వరకు, నీరు రెట్టింపు చేస్తే గొట్టం లోపలి పొర మందం పావు వంతే పెరుగుతుంది. నీళ్లు చాలకపోతేనో, తొట్టిలోకి వచ్చే నీరు మరీ వేడిగా ఉంటేనో తప్ప పంపుతో పెద్ద తేడా రాదు.

తణుకు_కెమికల్
మాస్టారు చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. ప్రతి గొట్టం నెత్తిన నీటిని తిప్పి గోడకి అంటించే చిన్న బిళ్ల ఉంటుంది కదా, అవన్నీ ఉన్నాయా? బిళ్ల ఊడిపోయినా, చెత్త అడ్డుపడినా నీరు గోడని వదిలేసి గొట్టం మధ్యలోంచి ధారగా పడిపోతుంది. ఆ గొట్టం ఉన్నా లేనట్టే.

ఐస్‌ఫ్యాక్టరీ_నరసాపురం
మీరు చెప్పాక టార్చి పట్టుకుని తొట్టి పక్కన కూర్చుని కింది నుంచి చూశాను. బాగున్న గొట్టాల నుంచి నీరు అంచు చుట్టూ గుండ్రంగా, మధ్యలో బోలుగా విచ్చుకుని పడుతోంది. ఒక పక్క వరసలో చాలావాటి నుంచి మాత్రం వేలెడు లావు ధార నిటారుగా పడుతోంది. పైకెక్కి చూస్తే వాటి నెత్తిన బిళ్లల్లో నాచూ, ప్లాస్టిక్ ముక్కలూ. ఈ కండెన్సరుకి ప్లాంటు ఆపకుండానే పై నుంచి బ్రష్ దింపి శుభ్రం చేసే వీలుంది కాబట్టి ఆ వరసతోనే మొదలుపెట్టాం. సున్నం పెచ్చులుగా ఊడుతోంది. ఆయిల్ డ్రెయిన్ రేపు చేస్తాం, గాలి పర్జ్, అంటే లోపల చేరిన గాలిని బయటికి వదలడం, దాని తర్వాత. పంపు ఆర్డరు ఆపేశాను.

ఫ్లూయిడ్స్_మాస్టారు
పర్జ్ చేసేటప్పుడు గొట్టం చివర నీళ్ల బకెట్లో ముంచి ఉంచండి, అమ్మోనియాకి పనికొచ్చే గ్యాస్ మాస్కు లేకుండా దగ్గరికి ఎవర్నీ రానీయకండి. బ్రష్ పని పూర్తయ్యాక హెడ్ ప్రెషర్, లోపలికి వెళ్లే నీటి వేడి, బయటికి వచ్చే నీటి వేడి ఒకే సమయంలో చూసి ఇక్కడ రాయండి. ఆ మూడు అంకెలుంటే మిగిలిన అడ్డు ఏ పక్క ఉందో మన బీటెక్ అబ్బాయి చేత లెక్క కట్టిద్దాం.

బీటెక్_మూడో_ఏడు
నేను రెడీ మాస్టారూ. గొట్టాల సంఖ్య, వాటి లోపలి వ్యాసం, పొడవు కూడా కావాలి అన్నా, వీలైతే ఐస్ రోజుకి ఎన్ని టన్నులో కూడా రాయండి.